కనుమ నాటి ప్రయాణం: దూరప్రాంత లారీ డ్రైవర్ల పండుగకాలపు శ్రమ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పండుగ సమాజంలో అధిక జనానికి పనినుంచి విరామం. దూరప్రాంత లారీ డ్రైవరుకు అది పని పెరిగే కాలం. ఈ వైరుధ్యం మోటారు వాహనంతోపాటు పుట్టుకొచ్చింది. ఎడ్లబండ్ల కాలంలో రుతువులు, ఆచారాలు రవాణాకు విరామం కల్పించాయి. మోటారు యుగంలో ఆ బాధ్యత చట్టం మీద పడింది. అయితే 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం దూరప్రయాణాన్ని, పండుగను పని గంటల పరిమితికి మినహాయింపులుగా గుర్తించింది. కనుమ, ఆయుధపూజ ఆచారాలను, మోటారు రవాణా చట్టాలను, పండుగ సరుకు రవాణాను కలిపి పరిశీలించి, డ్రైవరు విరామం ఏ క్రమంలో కనుమరుగైందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లారీ డ్రైవరు, కనుమ, ఆయుధపూజ, బాడుగ, ట్రిప్పు, పని గంటలు, మోటారు రవాణా చట్టాలు

1. ప్రవేశిక

"కనుమ నాడు కాకి కూడా కదలదు" అనే నానుడి తెలుగువారికి సుపరిచితం. సంక్రాంతి పండుగలో మూడో రోజైన కనుమ నాడు ప్రయాణం పెట్టుకోకూడదని దీని భావం. పండుగకు వచ్చిన బంధువులను మరొక రోజు ఆపుకోవడానికి పెద్దలు ఈ మాట చెబుతారు. దీనిని శకున విశ్వాసంగా వివరించేవారూ ఉన్నారు. రవాణా చరిత్ర దృష్టితో చూసినప్పుడు ఇందులో మరో అర్థం స్ఫురిస్తుంది. కనుమ పశువుల పండుగ. ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పనిలో పెట్టకుండా వదిలేస్తారు. ఎద్దు కాడి ఎత్తని నాడు బండి కదలదు. బండి కదలని నాడు బండి తోలేవాడికీ పని ఉండదు. ప్రయాణ నిషేధంగా వినిపించే ఈ నానుడి ఆచరణలో పశువుకూ మనిషికీ ఒక రోజు విశ్రాంతిని ఖాయం చేసింది.

నేడు అదే కనుమ నాడు జాతీయ రహదారుల మీద లారీలు నడుస్తూనే ఉంటాయి. బండి తోలేవాడి స్థానంలోకి వచ్చిన డ్రైవరుకు ఆచారం ఇచ్చిన విరామం ఎందుకు సంక్రమించలేదన్నది ఇక్కడి ప్రశ్న.

2. మోటారుకు ముందు రవాణా: రుతువు విధించిన విరామం

మోటారు వాహనాలు రాకముందు దక్కన్, తీరాంధ్ర ప్రాంతాల మధ్య సరుకు రవాణా ప్రధానంగా పెరికె ఎడ్లమీద, బండ్లమీద, కాలువ పడవల్లో సాగింది. లంబాడీ బిడారులు తీరప్రాంతపు ఉప్పును లోపలి ప్రాంతాలకు, అక్కడి ధాన్యాన్ని ఇతర చోట్లకు చేరవేశాయి. వానాకాలంలో నల్లరేగడి నేలల్లో బండి చక్రం దిగబడేది, వాగులు పొంగి దారులు తెగిపోయేవి. అందువల్ల ఆ నెలల్లో దూరప్రయాణాలు బాగా తగ్గేవి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మరమ్మతుల కోసం వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పడవలు ఒడ్డునే ఉండిపోయేవి.

ఈ విరామాలను స్వర్ణయుగపు సౌకర్యాలుగా భావించడం పొరపాటు. పడవ కదలకపోతే సరంగుకు కూలి లేదు, బండి కదలకపోతే బాడుగ లేదు. అయినప్పటికీ పని, విశ్రాంతి ఒక వార్షిక చక్రంలో ఇమిడి ఉండేవి. సరుకు యజమాని ఎంత తొందరపడినా వాగు తీసేదాకా వేచి ఉండవలసిందే. ఆలస్యానికి బాధ్యత ప్రకృతిది, బండివాడిది కాదన్న అవగాహన ఇరువైపులా ఉండేది.

3. ఆయుధపూజ: విరామం తరువాతి పండుగ

దసరాకు వానాకాలం ముగింపుతో సంబంధం ఉంది. వానలు వెనకబట్టి దారులు ఆరిన తరువాత దండయాత్రలు, వ్యాపారయాత్రలు తిరిగి మొదలయ్యేవి. అజ్ఞాతవాసం ముగిశాక పాండవులు జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలను తిరిగి చేపట్టిన కథ ఈ పండుగతో ముడిపడటం యాదృచ్ఛికం కాదు. అది కూడా ఒక విరామం తరువాత పనిముట్టును చేతబట్టిన కథే. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అక్కడి మహర్నవమి ఉత్సవాలను విస్తారంగా వర్ణించాడు. అలంకరించిన గుర్రాలు, ఏనుగులు, చివర సైన్య ప్రదర్శన ఆ వర్ణనలో ప్రముఖంగా కనిపిస్తాయి.

క్రమంగా 'ఆయుధం' అనే మాట అర్థం విస్తరించింది. కత్తి, బల్లెం నుంచి నాగలి, సాలెమగ్గం, ఉలి, త్రాసు మీదుగా అది మోటారు వాహనం దాకా వచ్చింది. జీవనోపాధికి సాధనమైనదేదైనా ఆయుధమే అయింది. నేడు దసరా నాడు లారీని కడిగి, పసుపుకుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. యజమాని డ్రైవరుకు, క్లీనరుకు కొత్త బట్టలో కొంత డబ్బో ఇవ్వడం అనేకచోట్ల ఆనవాయితీ. దారిలో ఉన్న డ్రైవరు డాబా ముందో, పెట్రోలు బంకులోనో బండి ఆపి, ఉన్నంతలో పూజ ముగించి బయలుదేరుతాడు.

ఈ పరిణామంలో గమనించదగిన అంశం ఒకటుంది. పండుగ నిలిచింది గాని, దానికి ముందుండే రుతువిరామం నిలవలేదు. తారురోడ్డు, వంతెన, ఇంజను కలిసి వానాకాలాన్ని రవాణాకు అడ్డుకాకుండా చేశాయి. విశ్రాంతి తరువాత ప్రయాణారంభాన్ని సూచించిన ఆచారం, ఎడతెగని ప్రయాణం నడుమ కొద్దిసేపు ఆగే మజిలీగా మారింది. పైగా కనుమ నాడు ఎద్దుకు దక్కింది పూజతోపాటు సెలవు. దసరా నాడు లారీకి పూజ దక్కుతుంది, పూజ కాగానే లోడు ఎక్కుతుంది.

4. చట్టంలో పండుగ

ఆచారం వదిలిన ఖాళీని పూరించే ప్రయత్నం చట్టాల్లో కనిపిస్తుంది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం 65వ సెక్షన్‌లో రవాణా వాహన డ్రైవర్ల పని గంటలకు పరిమితి విధించింది. వాహనాలను, లైసెన్సులను, పర్మిట్లను నియంత్రించడానికి ఉద్దేశించిన చట్టంలో డ్రైవరు అలసటకూ చోటు దక్కడం విశేషం. స్వాతంత్ర్యానంతరం 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం దీనిని కార్మిక హక్కుగా విస్తరించింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదని 13వ సెక్షన్ నిర్దేశించింది. వారానికొక రోజు విశ్రాంతి, రాత్రి మజిలీ చేయవలసిన చోట్ల విశ్రాంతి గదులు, విశ్రాంతి దినాన పని చేయిస్తే రెట్టింపు వేతనం ఈ చట్టంలోని ఇతర రక్షణలు.

అదే 13వ సెక్షన్‌లోని మినహాయింపు ఈ వ్యాసానికి కీలకం. ప్రభుత్వాధికారి ప్రకటించిన దూరప్రాంత మార్గాల్లోను, పండుగ తదితర సందర్భాల్లోను, ఆ అధికారి ఆమోదంతో పని సమయాన్ని రోజుకు 10 గంటల వరకు, వారానికి 54 గంటల వరకు పొడిగించే వీలుండేది. 'దూరం', 'పండుగ' అనే రెండు మాటలూ ఒకే వాక్యంలో, ఒకే ప్రయోజనానికి చేరాయి. కనుమ నానుడి పండుగ కారణంగా ప్రయాణాన్ని ఆపమంటే, చట్టం పండుగ కారణంగా ప్రయాణాన్ని పొడిగించడానికి అనుమతించింది. యాత్రికుల రద్దీ, సరుకుల అవసరం దృష్ట్యా ఇది పరిపాలనాపరంగా అర్థం చేసుకోదగినదే. పైగా చట్టం ఇక్కడ గరిష్ఠ పరిమితిని స్పష్టంగా చెప్పింది, అదనపు గంటలకు రెట్టింపు వేతనమూ ప్రకటించింది. మినహాయింపునైనా యథాతథంగా అమలు చేసి ఉంటే డ్రైవరుకు కొంత రక్షణ ఉండేది.

ఆచరణలో రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. మొదటిది వర్తింపు. ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే ఈ చట్టం నేరుగా వర్తించేది. అంతకంటే చిన్న సంస్థలకు వర్తింపజేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉండేది. ఒకటి రెండు లారీలున్న యజమానులు, సొంత బండి నడుపుకొనే డ్రైవర్లు విరివిగా ఉన్న రంగంలో ఈ షరతు చాలామందిని రక్షణ బయట ఉంచింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ 1961 చట్టంలోని పని గంటలనే రవాణా వాహనాల సిబ్బందికి వర్తింపజేసింది. అయితే విశ్రాంతి గదులు, అదనపు వేతనం వంటివి పాత చట్టం పరిధిలోనే ఉండిపోయాయి.

రెండోది కొలమానం. చట్టం గంటల్లో మాట్లాడుతుంది, వృత్తి ట్రిప్పుల్లో మాట్లాడుతుంది. సరుకు యజమానికి, లారీ యజమానికి మధ్య కుదిరేది 'బాడుగ'. లారీ యజమానికి, డ్రైవరుకు మధ్య కుదిరేది ట్రిప్పు లెక్క, దారిఖర్చుకు 'బేటా'. ఈ పదాల్లో ఎక్కడా గంట లేదు. లోడు కోసం బుకింగ్ ఆఫీసు దగ్గర, కాటా దగ్గర, దిగుమతి కోసం హమాలీల దగ్గర గడిచే సమయం జీతం లెక్కలోకి రాదు, విశ్రాంతి లెక్కలోకీ రాదు. ట్రిప్పు ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా మరో ట్రిప్పు దొరుకుతుంది. పండుగ ముందు బాడుగలు పెరిగే రోజుల్లో ఈ ఒత్తిడి ఇంకా తీవ్రమవుతుంది. గంటలను ఎవరూ లెక్కించని చోట 8 గంటలకూ 10 గంటలకూ మధ్య తేడా కాగితానికే పరిమితమవుతుంది.

5. పండుగ సరుకు, కరిగే గడువు

పండుగ సరుకు స్వభావం డ్రైవరు పనిని నిర్ణయిస్తుంది. కొల్లేరు పరిసరాలు, పశ్చిమ గోదావరి, కృష్ణా ప్రాంతాల చెరువుల్లో పెంచిన శీలావతి, బొచ్చె చేపలు ఐసుతో నింపిన పెట్టెల్లో లారీల మీద హౌరా మార్కెట్టుకు వెళ్తాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖపట్నం, ఇచ్ఛాపురం, భువనేశ్వర్ మీదుగా సాగే ఈ ప్రయాణం వెయ్యి కిలోమీటర్లకు పైబడినది. దుర్గాపూజ సమయంలో బెంగాల్‌లో చేపలకు గిరాకీ పెరుగుతుంది. తెలుగు డ్రైవరు ఇంట దసరా, బెంగాల్‌లో దుర్గాపూజ ఒకే రోజుల్లో వస్తాయి. అక్కడి పండుగ భోజనం సమయానికి అందాలంటే ఇక్కడి డ్రైవరు తన పండుగను దారిలో గడపవలసి వస్తుంది. ఐసు కరిగే వేగమే ప్రయాణపు గడువు. అది చట్టంలోని విరామ నియమంకంటే బలంగా పనిచేస్తుంది.

రావులపాలెం అరటిగెలలు, కడియం పూలు, శివకాశి బాణాసంచా కూడా ఇటువంటివే. పూలు, పండ్లు వాడిపోతాయి. బాణాసంచా వాడిపోకపోయినా, దీపావళి దాటిన మరునాడు దాని విలువ పడిపోతుంది. పూర్వం ఆలస్యానికి వాగు కారణమైతే అందరూ ఒప్పుకొనేవారు. నేడు ఆలస్యమైన సరుకుకు బాడుగలో కోత పడే అవకాశం ఉంది. ఆలస్యపు నష్టం ప్రకృతి నుంచి డ్రైవరు మీదికి బదిలీ అయింది.

6. రద్దీ, దారి మళ్లింపు

పండుగ లారీని తొందరపెడుతుంది, అదే సమయంలో దారిలో ఆపుతుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కోస్తాకు వెళ్లే కార్లు, బస్సులతో 65వ నంబరు జాతీయ రహదారి మీది పంతంగి వంటి టోల్‌ప్లాజాలు కిక్కిరిసిపోతాయి. దసరాకు ఇంద్రకీలాద్రి దగ్గర, 2015 గోదావరి పుష్కరాల్లో, 2016 కృష్ణా పుష్కరాల్లో జనరద్దీ వల్ల భారీ వాహనాలను నియంత్రించవలసి వచ్చింది. విజయవాడ నగరంలోకి రాకుండా హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు, మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా లారీలను మళ్లించడం ఇటువంటి సందర్భాల్లో అలవాటైన పద్ధతి. యాత్రికుల భద్రతకు ఇది అవసరమే. అయితే మళ్లింపుతో పెరిగిన దూరం, నిలుపుదలలో పోయిన సమయం డ్రైవరు రాత్రి నిద్రలోంచే తిరిగి రావాలి. రోడ్డు పక్కన ఆపిన లారీలో నిద్రపోవడానికీ వీలుండదు. ముందు బండి కదిలితే తన బండీ కదలాలి, సరుకుకు కాపలా కూడా తనదే.

7. సరుకుకు తొలగిన అడ్డంకులు

1975లో మొదలైన నేషనల్ పర్మిట్ విధానం, 2010లో దానికి దేశమంతటికీ వర్తించే ఏకీకృత రుసుము, 2017 జులై 1న జీఎస్టీతో తొలగిన వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు, 2021 నాటి తప్పనిసరి ఫాస్టాగ్ – వీటన్నిటి లక్ష్యం లారీ ఆగకుండా సాగడం. చెక్‌పోస్టు వరుసలు, అక్కడి 'మామూళ్లు' తగ్గడం డ్రైవరుకూ మేలే. కాని ఆదా అయిన సమయం విశ్రాంతిగా మారలేదు. 2021 జనవరి 1 నుంచి సాధారణ సరుకుకు ఈ-వే బిల్లు చెల్లుబాటును 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్కిస్తున్నారు. సరుకుకు రోజుల లెక్క డిజిటల్‌గా నమోదవుతుంది. డ్రైవరు నిద్రకు అటువంటి నమోదు లేదు.

నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలని, ఒకరు నడుపుతుంటే మరొకరు పడుకోవడానికి తగిన సీటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెప్పేవి. విశ్రాంతిని వాహన నిర్మాణంలోనే గుర్తించిన అరుదైన నిబంధన అది. డ్రైవర్ల కొరత, ఖర్చు కారణాలుగా యజమానులకు భారమైన ఇద్దరు డ్రైవర్ల షరతును 2018లో తొలగించారు. ఒంటరి డ్రైవరు ప్రయాణానికి చట్టబద్ధత లభించింది. పనిని చూస్తూ నేర్చుకొని డ్రైవరయ్యే క్లీనరు కూడా అనేక లారీల్లో కనుమరుగవుతున్నాడు. 1961 చట్టం స్వయంగా 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో విలీనమైంది.

8. ముగింపు

మోటారు పూర్వ యుగంలో విరామం రుతువు, పశువు, ఆచారం అనే మూడింటి మీద ఆధారపడింది. అది కూలిలేని విరామమైనా ఎవరూ కాదనలేనిది. మోటారు వాహనం రుతువును అధిగమించింది, పశువు స్థానాన్ని ఆక్రమించింది, ఆచారంలో తనకు రావలసిన పూజను మాత్రం తీసుకుంది. విరామాన్ని హక్కుగా మార్చవలసిన చట్టం పండుగను, దూరాన్ని మినహాయింపులుగా చేర్చుకుంది. ఆ మినహాయింపుకు పెట్టిన హద్దులు కూడా ట్రిప్పు లెక్క ముందు నిలవలేదు. తరువాతి సంస్కరణలు సరుకు వేగాన్ని పెంచాయిగాని డ్రైవరు సమయాన్ని లెక్కించలేదు.

నిద్రలేమితో నడిచే లారీ వల్ల కలిగే ప్రమాదం డ్రైవరు ఒక్కడిదే కాదు, అదే దారిలో పండుగకు ఇంటికి వెళ్లే కుటుంబాలది కూడా. ట్రిప్పు ఒప్పందంలో గంటల లెక్క చేరడం, దారి మళ్లింపు ఉత్తర్వులతోపాటు లారీలు నిలుపుకొనే స్థలాలను, విశ్రాంతి వసతిని ప్రకటించడం, పండుగనాడు దారిలో ఉన్న డ్రైవరుకు బదులు సెలవు దక్కడం – ఈ మూడూ 1961 చట్టం అప్పుడే గుర్తించిన సూత్రాలకు అనుగుణమైనవే. జానపద విజ్ఞానం, శ్రామిక చరిత్ర, చట్ట చరిత్రలను కలిపి చదివినప్పుడు కనుమ నానుడి మూఢనమ్మకంగా మిగలదు. బండి తోలేవాడి విశ్రాంతిని కాపాడిన పాత నియమంగా అర్థమవుతుంది. తెలుగు ప్రాంతాల రవాణా శ్రామికుల వృత్తి పదజాలాన్ని, పండుగ ఆచారాలను వారి నోటినుంచే సేకరిస్తే ఈ అధ్యయనం మరింత విస్తృతమవుతుంది.