ఖలీఫా ముందు నిలిచిన అమ్మమ్మ

ఇస్లామీయ చరిత్రను మనం ఎక్కువగా యుద్ధాల వరుసలోనూ, ఖలీఫాల పాలనాకాలాల వరుసలోనూ చదువుకుంటాం. ఇళ్ల లోపలి చరిత్ర మాత్రం హదీసు గ్రంథాలలో చిన్న చిన్న ఉల్లేఖనాలుగా మిగిలిపోయింది. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ (632–634) నాటి రెండు వ్యాజ్యాలు అటువంటివే. రెండింటిలోనూ తన హక్కు కోసం ఖలీఫా ముందు నిలిచినది ఒక వృద్ధురాలు.

మొదటిది ఇమామ్ మాలిక్ తమ 'ముఅత్తా'లో నమోదు చేసినది. హజ్రత్ ఉమర్ (రజి) అన్సార్లకు చెందిన ఒక స్త్రీని వివాహమాడగా ఆసిమ్ అనే కుమారుడు కలిగాడు. తరువాత ఆ దంపతులు విడిపోయారు. ఒకనాడు ఉమర్ మదీనా శివారులోని ఖుబాకు వెళ్లినప్పుడు, మస్జిదు ముంగిట ఆడుకుంటున్న ఆ పిల్లవాడు కంటబడ్డాడు. చేయి పట్టి తన వాహనంపై ముందు కూర్చోబెట్టుకున్నారు. ఇంతలో పిల్లవాని అమ్మమ్మ వచ్చి అడ్డుపడింది. వాదులాట ఖలీఫా వద్దకు చేరింది. నా బిడ్డ అని ఆయన, నా బిడ్డ అని ఆమె. పిల్లవాణ్ణి ఆమెకే వదిలివేయమని అబూబక్ర్ తీర్పు చెప్పారు. ఉమర్ మారు మాట్లాడలేదు.

ఉమర్ అంటే ఎవరు? ఖలీఫాకు కుడిభుజం, ఆయన ఎదుట నోరెత్తడానికి మగవారే జంకేవారు. ఆమె పేరైనా ఆ ఉల్లేఖనంలో లేదు. అయినా తీర్పు ఆమె పక్షమే అయింది. హనఫీ ధర్మశాస్త్రంలో పసిబిడ్డ పెంపకపు హక్కు తల్లి తరువాత నానీకి, ఆమె తరువాత దాదీకి చెందుతుంది. మన దేశపు న్యాయస్థానాలు 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం బిడ్డ క్షేమాన్ని ముందుగా చూస్తాయన్నది వేరే సంగతి.

రెండవ వ్యాజ్యం ఆస్తికి సంబంధించినది. చనిపోయిన మనవడి ఆస్తిలో వాటా కోరుతూ ఒక అవ్వ వచ్చింది. దివ్య ఖుర్ఆన్ తల్లిదండ్రులకు, సంతానానికి, భార్యాభర్తలకు వాటాలు నిర్ణయించింది. అవ్వ వాటా అందులో పేర్కొనబడలేదు. ప్రవక్త (స) సంప్రదాయంలోనూ తనకు తెలిసినంతలో ఏమీ లేదనీ, ఇతరులను విచారిస్తాననీ ఖలీఫా ఆమెను పంపివేశారు. ప్రవక్త (స) అవ్వకు ఆరవ వంతు ఇవ్వగా తాను చూశానని ముగీరా బిన్ షుఅబా చెప్పారు. ఒక్కరి మాట చాలదని మరో సాక్షిని అడిగారు ఖలీఫా. ముహమ్మద్ బిన్ మస్లమా లేచి అదే చెప్పిన పిమ్మటనే తీర్పు వెలువడింది. అడిగినది ముసలి ప్రాణమని జాలిపడి ఏదో కొంత చేతిలో పెట్టి పంపివేయవచ్చు, అలా చేయలేదు.

అరబీలో నానీకీ, దాదీకీ 'జద్దా' అన్నది ఒకే మాట. అందుచేత చిక్కు అంతటితో తీరలేదు. ఉమర్ ఖిలాఫత్‌లో రెండవ వైపు అవ్వ వచ్చి అడిగింది. ఉన్నది ఆ ఆరవ వంతే, ఇద్దరూ ఉంటే సగం సగం పంచుకోవాలి, ఒక్కరే ఉంటే అంతా ఆమెదే అని ఆయన తేల్చారు. తల్లి బ్రతికి ఉంటే మాత్రం అవ్వకు వాటా లేదు.

తాతగారి వాటాపై సహాబాలలోనే ఏకాభిప్రాయం కుదరలేదు. తండ్రి లేనప్పుడు తాతే తండ్రి, ఆయన ఉండగా మృతుని సోదరులకు వాటా లేదన్నారు అబూబక్ర్. ఉందన్నారు జైద్ బిన్ సాబిత్. ఇమామ్ అబూ హనీఫా మొదటివారిని అనుసరించగా, ఆయన శిష్యులిద్దరూ రెండవవారిని అనుసరించారు.

ఇక ఖుబా మస్జిదు ముంగిట ఆడుకున్న ఆ ఆసిమ్ పెరిగి పెద్దవాడై, తానూ తాత అయ్యాడు. ఆయన కుమార్తె కన్న బిడ్డ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, 717లో ఖలీఫా అయ్యాడు.