పదేళ్లు తీసే ఉన్న తలుపు

2021 జూన్ 23. పెట్టెలోని గడియారం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 14 నిమిషాలు. రూటర్ పక్కన లావుపాటి పుస్తకంలా నిలబడి ఉందది. ఇంటి ఫైళ్లన్నీ దాచుకునే డిస్క్, పేరు మై బుక్ లైవ్. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అయినా దాని లాగ్‌లో ఒక వరుస పడింది: ‘ఫ్యాక్టరీ రీస్టోర్’ మొదలు. అదే సెకనులో ఇంకో వరుస, రీబూట్ అవుతున్నట్టు. మళ్లీ డిస్క్ తెరుచుకున్న జాడ 4 గంటల 2 నిమిషాలకు గానీ లేదు.

యజమాని వచ్చి చూస్తే ఫోల్డర్ల పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. నిండుకుండలా ఉన్న 2 టీబీ డిస్క్ మొత్తం ఖాళీ అని చూపిస్తోంది. తన పాస్‌వర్డ్ కొడితే తప్పంది. కంపెనీ మొదట ఇచ్చిన ‘అడ్మిన్’ కొట్టినా తప్పే అంది. ఏళ్లుగా దాచుకున్న ఫొటోలు, కాగితాలు పోయాయి. అలాంటి పెట్టెలు ఎన్నో దేశాల్లో ఒక్కసారే ఖాళీ అయ్యాయి. ఇంటర్నెట్ తీగ వెంటనే పీకెయ్యమని వాటిని తయారుచేసిన వెస్టర్న్ డిజిటల్ కంపెనీ చెప్పేసరికి, చాలామందికి పీకి కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ పెట్టె 2010లో వచ్చింది. చివరి అప్‌డేట్ 2015లో. దాన్ని బయటినుంచి లొంగదీసుకోగల చిల్లు ఒకటుందని పరిశోధకులు 2018లోనే చెప్పారు. పాత సరుకు, ఇక దాని బాగోగులు మావి కావంది కంపెనీ.

అసలు ఘోరం రెండో చిల్లు. అన్నీ చెరిపే ముందు పాస్‌వర్డ్ అడగాల్సిన ప్రోగ్రాం వరుసలు అందులో ఉన్నాయి. కానీ ప్రతి వరుస ముందూ రెండు ఏటవాలు గీతలు! ఆ గీతలుంటే యంత్రం ఆ వరుసను చదవదు. 2011 ఏప్రిల్‌లో ప్రోగ్రాంను సర్దుతున్నప్పుడు జరిగిన పని అది. దాంతో దారినపోయే దానయ్య ‘చెరిపెయ్’ అన్నా చాలు, ఎవరు నువ్వని అడక్కుండా చెరిపేసుకుంది. ఒక ముఠా గుప్పిట్లో ఉన్న పెట్టెల మీద మరో ముఠా కక్ష తీర్చుకుని ఉంటుందని సెన్సిస్ సంస్థ పరిశోధకుల ఊహ. అదే నిజమైతే ఆంబోతుల పోరులో లేగదూడలు నలిగాయన్నమాట.

తప్పు కంపెనీదే. కాకపోతే ఆ దానయ్య గుమ్మం దాకా రాగలిగిన ఒక దారి, రూటర్‌లో బయటివాళ్లకు తలుపు తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్. కొన్ని ఇళ్లలో దాన్ని మనిషే పెట్టాడు, కొన్నిట్లో యూపీఎన్‌పీ అనే సదుపాయం అడక్కుండానే తెరిచింది. అమెరికాలో ఉన్న పిల్లలు చూసుకోవడానికని మన ఊళ్లో సీసీ కెమెరా డీవీఆర్‌కి ఇలాగే దారి తీసి, పాస్‌వర్డ్ కూడా మార్చకుండా వెళ్లిపోయే టెక్నీషియన్లు లేకపోలేదు.

బయటినుంచి చూడాలంటే వీపీఎన్ అనే తాళం వేసిన దారిలో రావాలి. 2020లో లైనక్స్ కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ లాంటిదైతే, సరైన తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా బదులే ఇవ్వదు. ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ లేని కనెక్షన్లకు టెయిల్‌స్కేల్ ఉంది. ఫోన్‌లో పెట్టుకోవడం పెద్ద పనేం కాదు.

ఈ ఆదివారమే రూటర్ పేజీ తెరవండి. యూపీఎన్‌పీ ఆపండి. ఎవరు పెట్టారో తెలియని పోర్ట్ ఫార్వర్డింగ్ ఉంటే తీసెయ్యండి. అప్‌డేట్లు ఆగిపోయిన పెట్టెను ఇంటర్నెట్ నుంచి విడదీయండి. ఫొటోల కాపీ ఇంకొకటి విడి డిస్క్‌లో ఎక్కించి, తీగ పీకి, బీరువాలో పెట్టండి.