మూఢం: ఒక మాట, రెండు వైపులు

ఇంగ్లీషు 'సూపర్‌స్టిషన్'ను మనం మూఢనమ్మకమంటాము. దాని మూలమైన లాటిన్ పదాన్ని రోమన్లు తమకు గిట్టని ఆరాధనలపై ప్రయోగించేవారు. రెండవ శతాబ్దపు తొలినాళ్ళలో టాసిటస్, ప్లినీలు క్రైస్తవాన్ని ఆ మాటతోనే నిందించారు. తరువాత క్రైస్తవులు అదే మాటను రోమన్ల పాత దేవతలపైకి త్రిప్పారు. ఎప్పుడూ అది ఎదుటివాడి నమ్మకానికి పెట్టిన పేరే.

మన తెలుగులో ఇంకొక తమాషా ఉన్నది. గురుడో శుక్రుడో సూర్యకాంతిలో కనుమరుగైన దినాలను పంచాంగం మౌఢ్యమంటుంది, మా కృష్ణా తీరపు జనం మూఢమంటారు. అప్పుడు పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. నమ్మకానికీ, దానిపై నిందకూ మూలం ఒకటే మాట!

ఆ నిందను ఎదుటివారిపై వేయక తన ఇంటినుండే మొదలుపెట్టినవారు గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975). 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో బెజవాడ పటమటకు మార్చారు. గర్భిణి గ్రహణం చూడరాదంటారు కదా, ఆయన భార్య సరస్వతి కడుపుతో ఉండగానే చూశారు. ఉప్పు సత్యాగ్రహపు 1930లో పుట్టిన కొడుకు పేరు లవణం.

ఇంత వ్రాస్తున్న నేను మా అమ్మాయి పెళ్ళికి మూఢం దాటేవరకు ఆగాను. అమ్మ మాట కాదనలేకనే అని అందరికీ చెప్పుకున్నాను.