సోయా ముట్టని పళ్లెరము

పాలు, పెరుగు, నెయ్యి, తేనె మొదలుగా ప్రాణులనుండి లభించు సమస్త పదార్థములను త్యజించిన మనుజునకు సోయాచిక్కుడు కూడ సరిపడదని తెలిసినప్పుడు, బంధుమిత్రులు మొట్టమొదట అడుగునది, ఇక నీవు బ్రతుకుటెట్లని. ఆ ప్రశ్నలో వాత్సల్యమున్నది గాని చరిత్రజ్ఞానము లేదు. తూర్పు ఆసియాను మినహాయించినచో, ఇట్టి ఆహారనియమమును జీవితాంతముగనో, వ్రతదినములకు మాత్రమో పాటించిన జనులలో అత్యధికులు సోయా పేరైనను వినకయే బ్రతికిరి. అది ఆ నియమమునకు మూలస్తంభమైనట్లు తోచుట ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున సంభవించిన పరిణామము.

1944 నవంబరులో, యుద్ధమింకను ముగియకమునుపే, డొనాల్డ్ వాట్సన్ అను వడ్రంగము నేర్పు ఉపాధ్యాయుడు మరి ఐదుగురితో లండనులో సమావేశమై, పాలను సైతము వర్జించువారికొక ప్రత్యేక సంఘమును నెలకొల్పెను. 'వెజిటేరియన్' అను ఆంగ్లపదముయొక్క ఆద్యంతాక్షరములను కూర్చగా 'వీగన్' అను నూతన నామమేర్పడెను. అది రేషను కాలము. మాంసపు వంతును వదలుకొన్న శాకాహారులకు ప్రభుత్వము అదనముగా చీజు నిచ్చుచుండెను గాని, వీరికదియు నిషిద్ధమే. 1956లో లెస్లీ క్రాస్ ప్రభృతులైన వీగనులు మొక్కల పాలకొరకై వేరొక సంఘమును స్థాపించినప్పుడు వారి చూపు తొలుత ప్రసరించినది సోయామీద కాదు, క్యాబేజీవంటి పచ్చని ఆకులమీద. పశువు గడ్డి మేసి పాలిచ్చుచున్నప్పుడు, ఆ పచ్చదనమునుండియే నడుమ పశువు లేకుండ పాలు తీయరాదా యను ఆ తలంపు నాకు మిక్కిలి ప్రియమైనది. అది ఫలింపలేదు. తుదకు 1965లో వారి పరిశ్రమ 'ప్లామిల్' అను పేర సోయాపాలను అంగడికి తెచ్చెను. వీగన్ అను పేరు పుట్టి అప్పటికి ఇరువదియొక్క యేండ్లు గడచినవి.

సోయా గెలుచుటకు కారణములు లేకపోలేదు. దాని మాంసకృత్తులు శరీరమునకు కావలసిన ఆవశ్యక అమైనో ఆమ్లములన్నింటిని కలిగియుండుటయు, దాని పాలు విరిగి గడ్డకట్టుటయు, అన్నిటికిమించి నూనె తీయగా మిగిలిన పిండి చౌకగా రాశులుగా లభించుటయు దానిని అందలమెక్కించినవి. మన యిండ్లలో 'మీల్ మేకర్' అని వ్యవహరింపబడు ఉండలు ఆ మిగిలిన పిండితో చేసినవే. గాంధీమహాత్ముడు 1912లో పాలను విడిచి, 1918 నాటి దారుణవ్యాధి పిమ్మట మేకపాలకు సమ్మతించి, ఆ రాజీ మనస్సును కలచుచుండగా పాలకు బదులైన వృక్షజన్య పదార్థమునకై వెదకుచు, 1935లో వార్ధాయందలి మగన్‌వాడీలో సోయాచిక్కుళ్లను భోజనమున చేర్పించి పరీక్షించెను. అయినను ఆయనకు మేకపాలు తప్పలేదు.

సరిపడకపోవుట రెండు విధములు. రోగనిరోధక వ్యవస్థయే సోయాను శత్రువుగా భావించి తిరుగబడుట ఎలర్జీ. అది ప్రాణాంతకము కావచ్చును. ప్రేవులు సహింపకపోవుట వేరు: సోయాలోని రాఫినోజు, స్టాకియోజు అను చక్కెరలను విడగొట్టు ఎంజైము మానవుని చిన్నప్రేవులలో లేనందున, అవి పెద్దప్రేవును చేరి సూక్ష్మజీవులచే పులిసి, ఉబ్బరమును నొప్పిని కలిగించును. ఈ భేదమును వైద్యునిచే నిర్ధారించుకొనక స్వయముగా ప్రయోగములు చేయుట ప్రమాదకరము. సోయా ధూళివలన ఉబ్బసము వచ్చుటను డ్యూక్ అను అమెరికా వైద్యుడు 1934లోనే ప్రకటించెను. దాదాపు అర్ధశతాబ్దము గడచినపిదప, 1981 మొదలు 1987 వరకు, స్పెయినులోని బార్సిలోనా నగరమున ఇరువదియారు పర్యాయములు జనులు ఒక్కుమ్మడిగా ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తిరి. శోధింపగా, రేవులో ఓడలనుండి గిడ్డంగిలోనికి సోయా దింపిన దినములకును ఆ ఉపద్రవములకును సంబంధము తేలినది. ఆ నగరవాసులు సోయాను కోరి తినలేదు, గాలియే మోసికొనివచ్చినది. ఇప్పటి కిరాణాసరకులలోను అది అట్లే అదృశ్యముగా, లెసిథిన్ యను పేర బిస్కత్తులలో, చాకొలెట్లలో దాగియుండును. దానిని పొట్లముపై స్పష్టముగా ప్రకటింపవలెనని అమెరికాలో 2004 నాటి చట్టమును, మన దేశమున 2020 నాటి నిబంధనలును శాసించినవి. ఇంత ఆలస్యముగానైనను వచ్చినందుకు సంతోషింపవలసినదే.

సోయాకు పుట్టినిల్లైన చీనాలో సైతము బౌద్ధభిక్షువుల వంటశాల దానినొక్కదానినే నమ్ముకొనలేదు. గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికి పిసికి గంజియంతయు పోగొట్టగా మిగులు సాగుడు పదార్థమును వారు మాంసమునకు మారుగా వండిరి. బర్మాలోని షాన్ జనులు 'తోహూ' అని పిలుచు పసుపుపచ్చని గడ్డ సెనగపిండిని ఉడికించి పేర్చినదే. అందులో సోయా లేశమును లేదు. మధ్యయుగపు ఐరోపావారు ఉపవాసదినములలో బాదముపప్పును నూరి పాలు తీసిరి.

కాని ఈ విషయమున ఇథియోపియాకు సాటి వచ్చు దేశము నాకు కనబడదు. అచ్చటి సనాతన క్రైస్తవులు దాదాపు ప్రతి బుధ, శుక్రవారములును, ఈస్టరు పండుగకు పూర్వము ఏబదియైదు దినములును, మరి అనేక పర్వములందును మాంసము, పాలు, వెన్న, గ్రుడ్లు ముట్టరు. అట్టి దినములు ఏటిలో సగమునకు సమీపించును. వారు ఈ నిష్ఠను లోటుగా భావింపక దాని చుట్టును ఒక మహోన్నత పాకశాస్త్రమును నిర్మించుకొనిరి. సెనగలనో, బఠాణీలనో, పెద్దచిక్కుళ్లనో వేయించి, సుగంధద్రవ్యములతో విసరి, ఆ పిండిని ఉడికించు 'షిరో' పేదయింటను ధనికుని యింటను ఒక్కటియే. మసూరుపప్పు మిరపకారముతో ఎఱ్ఱగా ఉడుకును. దీనికి ఆధారముగా పళ్లెరమున పరచు 'ఇంజెరా' టెఫ్ అను గసగసాలంత చిరుధాన్యపు పిండిని పులియబెట్టి పోసినది. మన దోసెకు దూరపు చుట్టము. కుసుమగింజలను నూరి వడకట్టిన తెల్లని రసములో ఆ ఇంజెరాను తుంచి నానబెట్టి తిందురు. ఆకులనుండి పాలు తీయజూచిన లెస్లీ క్రాస్ ప్రభృతులు వెదకినది ఇట్టి పాలనే గదా! వెన్న నిషిద్ధమైన ఆ దినములలో వంటకు వాడు నూనెలలో ముఖ్యమైనది 'నూగ్' గింజల నూనె.

ఆ నూగ్ మనకు పరాయిది కాదు. దానిని మనవారు వలిసెలందురు. ఇథియోపియా పీఠభూములలో పుట్టిన ఆ మొక్క ఎన్నడో సముద్రము దాటి మన దేశమునకు వచ్చి, విశాఖ మన్యపు కొండవాలులలో గిరిజనుల పంటయైనది. వర్షములు వెనుదిరిగి చలి మొదలగునప్పుడు అరకులోయలో చేలకు చేలు పసుపుపచ్చగా విరియబూయుటను చూచుటకు యాత్రికులు బండ్లు దిగి గట్లపై నిలిచిపోవుదురు. పూలు రాలిన పిమ్మట మిగులు నల్లని సన్నగింజలు నూనెకై గానుగ కెక్కును.