స్మార్ట్ గీజర్‌కు మూడు వేలు ఎక్కువ పెట్టాల్నా?

మొన్న గీజర్ కొందామని మండలంల షాపుకు పోయిన. షాపాయన ఫోన్ తీసి చూపెట్టిండు. పొలం కాడికెళ్లే ఆన్ చెయ్యొచ్చట, యాప్‌ల టైం పెట్టొచ్చట, కరెంటు మస్తు మిగులుతదట. మామూలు గీజర్ కంటె మూడు వేలు ఎక్కువ చెప్పిండు. నేను ఇంటికొచ్చి కాయితం మీద లెక్క ఏసుకున్న.

ఈ స్మార్ట్ ముచ్చట సలి దేశాలకెళ్లి వచ్చింది. అమెరికాల ఇల్లు మొత్తం నెలల తరబడి వేడి చేస్తరు. అక్కడ స్మార్ట్ థర్మోస్టాట్ పెడితే వేడికీ, చల్లదనానికీ అయ్యే ఖర్చుల సగటున 8 శాతం మిగులుతదని వాళ్ల ఎనర్జీ స్టార్ చెప్తది. పెద్ద బిల్లుల 8 శాతమంటే గట్టి పైసలే. మనకు ఆదిలాబాద్ సలిల సుత వేడి చేసుకునేది తానం నీళ్లే.

20 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 60 డిగ్రీలకు తేవాలంటె 0.7 యూనిట్ కావాలె. గీజర్ అయినా, రాడ్ అయినా, యాప్ ఉన్నా లేకున్నా అంతే. రాడ్ తక్కువ కాలుస్తదని మా ఊర్ల అందరి నమ్మకం. కానీ బకెట్ నీళ్లు అంతే వేడి కావాలంటె కరెంటు అంతే కావాలె. నలుగురు తలా ఒక బకెట్ పోసుకుంటె నెలకు సుమారు 50 యూనిట్లు.

మరి స్మార్ట్ గీజర్ మిగిలిచ్చేది ఏంది? పొద్దంతా ఆన్‌ల పెడితే ట్యాంకు మెల్లగ సల్లబడుతది, థర్మోస్టాట్ మల్ల మల్ల వేడి చేస్తది. మామూలు 15 లీటర్ల దాంట్ల అట్ల రోజుకు అర యూనిట్ దాకా పోతది, నెలకు 15. సలికాలం నాలుగు నెలలు, యూనిట్‌కు 4.80 చొప్పున ఏసినా ఏడాదికి 288 రూపాయలు. మూడు వేలు తిరిగి రావాలంటె పదేండ్లు పడుతది. గీజర్ అన్నేండ్లు ఉంటదో ఉండదో! తానానికి 20 నిమిషాల ముందు ఆన్ చేసి, అయినంక బంజేసే ఇంట్ల మిగిలేది సున్నా. ఇంకో మాట, యాప్ పని చెయ్యాలంటె వైఫై రౌటర్ ఉండాలె. పది వాట్ల రౌటర్ 24 గంటలు నడిస్తె అదే రోజుకు పావు యూనిట్ తింటది.

అసలు బుగులు వేరే ఉన్నది. గృహజ్యోతిల 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. దాటితె పైన వచ్చిన యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలె. 2022ల పెంచిన రేట్ల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200కు 5.10 చొప్పునే 1,020 రూపాయలు, ఆపైన యూనిట్‌కు 7.70, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీతోని 160 దాకా కాలే ఇంట్ల గీజర్ 50 యూనిట్లు కలిస్తె కథ గంతే. యాప్ చూసుకుంట కూసునుడు కంటె నెలల నడుమ ఒక్కసారి మీటర్ చూసుడు నయం.

పైసలు పెట్టాల్సింది స్టార్ల మీద. గీజర్ మీది స్టార్లు చెప్పేది నీళ్ల వేడి ఎంత పోకుంట ఆపుతదన్నదే. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, 75 డిగ్రీల మీద పెడితె ఎలిమెంట్‌కు సున్నం జల్ది పడుతది, అందుకే డయల్ 50 కాడ పెట్టిన. ఎర్తింగ్ సక్కగుందా లేదా ఎలక్ట్రీషియన్‌తోని చూపిచ్చిన. రాడ్ ఇగ వద్దన్న. వేడి అయిందా అని స్విచ్ బంజెయ్యకుంట నీళ్లల్ల చెయ్యి పెట్టే అలవాటు మా ఇంట్ల ఉన్నది, దానికి థర్మోస్టాట్ లేదు, ఎర్తింగ్ సుత సరిగ్గ లేదు.

యాప్ పనికొచ్చేది ఎవలకంటె, స్విచ్ ఎయ్యనీకె లేవలేని ముసలోళ్లు ఒంటరిగ ఉండి, పిల్లలు పట్నంల ఉంటె. మా నాయన మర్చిపోతడు, అది సుత నిజమే. అందుకని గీజర్ స్విచ్చును బాత్‌రూం బయట, ఎర్ర లైటుతోని, ఆయన టీవీ చూసే కుర్చీకి ఎదురుంగ పెట్టిచ్చిన. స్విచ్ డబ్బాకూ వైరుకూ కలిపి 350 అయింది.