చాటింపు నుంచి హక్కు వరకు: నీటి, పారిశుధ్య సేవల సమాచార చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:

• గ్రామంలో నీటికి, పారిశుధ్యానికి సంబంధించిన సమాచారాన్ని ఎవరు, ఏ విధంగా చేరవేసేవారో వివరించగలుగుతారు.
• పురపాలక సేవలు, పన్నులు, ప్రజల సమ్మతి మధ్య ఏర్పడిన ఘర్షణను చీరాల-పేరాల ఉదాహరణతో చర్చించగలుగుతారు.
• హైదరాబాదు నీటి సరఫరా విస్తరణ వల్ల సమాచార అవసరం ఎలా పెరిగిందో తెలుసుకుంటారు.
• సమాచారం 'ఆజ్ఞ' స్థాయి నుంచి 'హక్కు' స్థాయికి మారిన క్రమాన్ని, దాని పరిమితులను అంచనా వేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

రేపు మీ వీధికి నల్లా నీరు ఎన్ని గంటలకు వస్తుంది? చెత్తబండి ఏ రోజు రాదు? వీధి చివర మురుగుకాలువ పొంగితే ఎవరికి చెప్పాలి? ఈ ప్రశ్నలకు మీకు జవాబులు తెలిసి ఉంటే, అవి ఎవరి ద్వారా తెలిశాయో ఒకసారి గుర్తుచేసుకోండి. పొరుగింటివారు చెప్పి ఉండవచ్చు, లైన్‌మన్ చెప్పి ఉండవచ్చు, ఫోనుకు సందేశం వచ్చి ఉండవచ్చు.

నగరాల చరిత్ర రాసేటప్పుడు జలాశయాలు, ఆనకట్టలు, గొట్టాలు, మురుగుకాలువలు ఎప్పుడు నిర్మించారో చెప్పడం పరిపాటి. వాటితోపాటు ప్రయాణించిన సమాచారం గురించి చెప్పడం అరుదు. నీరు రాకపోవడం ఒక నష్టం. నీరు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం మరొక నష్టం. కూలికి వెళ్లవలసిన మనిషి కుళాయి దగ్గర కాచుకుని ఉంటే ఆ రోజు కూలి పోతుంది. ఆ కాపలా చాలా ఇళ్లలో ఆడవారి మీద, బడికి పోవలసిన ఆడపిల్లల మీద పడుతుంది. కాబట్టి సమాచారం కూడా సేవలో భాగమే.

ఈ పాఠ్యభాగంలో మనం ఒకే ప్రశ్నను వేర్వేరు కాలాలకు వేసి చూద్దాం. నీటి గురించి, చెత్త గురించి సమాచారం ఏ దిశలో నడిచింది? పైనుంచి కిందికి మాత్రమే నడిచిందా, కిందినుంచి పైకి కూడా చేరిందా?

2. గ్రామంలో నీరటి, చాటింపు

తెలుగు గ్రామాల్లో చెరువు నీటిని పొలాలకు వదిలే బాధ్యత నీరటిది. తెలంగాణలో ఇతనిని నీరడి అని కూడా అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కాలువకు ఎంతసేపు నీరు పారించాలి అనేవి అతని పనులు. గ్రామ వృత్తులవారికి పంటలో వాటా ఇచ్చే ఆయగాండ్ర వ్యవస్థలో అతనూ ఒకడు. రైతుకు తన వంతు ఎప్పుడో కావాలంటే నీరటిని అడిగితే చాలు. నీటిని వదిలేవాడే నీటి సమాచారం చెప్పేవాడు కూడా. సమాచారం ఒక మనిషిలో ఉండేది. ఆ మనిషి ఊళ్లోనే ఉండేవాడు.

ఊరందరికీ తెలియవలసిన విషయమైతే చాటింపు వేసేవారు. డప్పు కొట్టుకుంటూ వీధి వీధికీ తిరిగి పెద్దల నిర్ణయాన్ని చెప్పడమే చాటింపు, దీనినే దండోరా అని కూడా అంటారు. చదువు రానివారికి కూడా ఇది చేరుతుంది. అదే దీని బలం. అయితే ఇది ఒకవైపు మాత్రమే సాగే మాట. విన్నవారు తిరిగి ప్రశ్నించడానికి అందులో చోటు లేదు.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. డప్పు కొట్టి చాటింపు వేసే పని ఎక్కువగా దళితులది. చాలా ఊళ్లలో అది వెట్టిచాకిరిలో భాగం. ఊరి కబురు ఇంటింటికీ మోసిన ఆ మనిషికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. సమాచారాన్ని మోయడం వేరు, ఆ సమాచారం చెప్పే సేవను అందుకోవడం వేరు అని ఈ ఉదాహరణ చెబుతుంది.

3. వలస పాలనలో పురపాలక సంఘాలు

19వ శతాబ్ది మధ్యనుంచి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర పట్టణాల్లో కొత్త ఏర్పాట్లు వచ్చాయి. భీమునిపట్నం పురపాలక సంఘం 1861లో ఏర్పడింది. 1864లో మద్రాసులో శానిటరీ కమిషన్‌ను నియమించారు. 1865లో పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది. గుంటూరు, కాకినాడ పురపాలక సంఘాలు 1866లో ఏర్పడ్డాయి. 1884 నాటి జిల్లా పురపాలక సంఘాల చట్టం ఈ వ్యవస్థను మరింత విస్తరింపజేసింది. పారిశుధ్యం, మంచినీరు, దీపాలు, రోడ్లు ఈ సంఘాల బాధ్యతలయ్యాయి. ఖర్చు చాలావరకు స్థానిక పన్నుల నుంచి రావాలి. ఓటుహక్కు మాత్రం పన్ను కట్టే స్తోమత ఉన్న కొద్దిమందికే ఉండేది.

దీనితో సమాచార రూపం మారింది. చాటింపుకు తోడు కాగితం వచ్చింది. ఇంటికి పన్ను నోటీసు, గోడకు ప్రకటన, గెజిట్‌లో ఉత్తర్వు వచ్చాయి. కాగితం చదవగలిగినవారికి ప్రభుత్వం దగ్గరైంది. చదవలేనివారికి అది మరింత దూరమైంది.

ఈ కాలపు లోపాన్ని చీరాల-పేరాల ఉదంతం స్పష్టంగా చూపుతుంది. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. పట్టణ హోదా వస్తే వసతులు మెరుగవుతాయన్నది ప్రభుత్వ వాదన. నివాసుల్లో చాలామంది చేనేత పనివారు, పేదలు. పన్నులు అనేక రెట్లు పెరిగాయి. తాము కోరని హోదాకు తాము మోయలేని పన్ను ఎందుకు కట్టాలని వారు ప్రశ్నించారు. విన్నపాలు ఫలించలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పన్నుల నిరాకరణ సాగింది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. ఊరు విడిచి పురపాలక పరిధి దాటి వెళ్లడం ఒక మార్గమని ఆయన సూచించారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ప్రజలు ఇళ్లు వదిలి, పరిధి వెలుపల పాకలు వేసుకుని, ఆ నివాసానికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు 11 నెలలు గడిపారు. గోపాలకృష్ణయ్య జైలుపాలయ్యారు. చివరకు ప్రజలు తిరిగి ఊరు చేరారు. పురపాలక సంఘం అలాగే కొనసాగింది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా సహాయ నిరాకరణోద్యమంలో ఒక ఘట్టంగా చదువుతాం. అది సరైనదే. పౌర సేవల చరిత్రలో కూడా దీనికి స్థానం ఉంది. ఎంత కట్టాలో పాలకులు చెప్పారు. ఆ డబ్బుతో తమకు ఏం జరుగుతుందో, అది తమకు కావాలో వద్దో తేల్చుకునే అవకాశం ప్రజలకు ఇవ్వలేదు. ప్రకటించడం, సమ్మతి తీసుకోవడం ఒకటి కాదు.

4. హైదరాబాదు: దూరమైన నీరు, దూరమైన సమాచారం

హైదరాబాదు సంస్థానంలో పట్టణ సేవల విస్తరణకు కారణాలు వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద వేలమందిని బలిగొంది. ఎగువన అనేక చెరువులు తెగిపోవడంతో ముప్పు పెరిగింది. వరద నివారణకు, నగర పునర్నిర్మాణానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు తీసుకున్నారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీరు ఇచ్చాయి.

జనాభా పెరిగే కొద్దీ నగరం నీటి కోసం దూరం వెళ్లింది. మొదట మంజీరా, తరవాత సింగూరు, 2004లో కృష్ణా, ఆ తరవాతి దశాబ్దంలో గోదావరి జలాలు వచ్చాయి. కృష్ణా, గోదావరి నీరు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి నగరానికి చేరుతుంది. ఊరి చెరువు ఎండిందో నిండిందో గట్టు మీదికి వెళ్లి చూస్తే తెలిసేది. దూరంలో ఒక పంపు ఆగినా, ఒక గొట్టం పగిలినా ఇంట్లో ఉన్నవారికి తెలిసేది నల్లా ఎండినప్పుడే. రోజు విడిచి రోజు నీరు వచ్చే వీధుల్లో ఒక వంతు తప్పితే ఇల్లంతా తలకిందులవుతుంది. దీని నుంచి మనం ఒక సూత్రం గ్రహించవచ్చు: నీరు ఎంత దూరం నుంచి వస్తే, సమాచారం అంత ముందుగా రావాలి.

1989 నాటి చట్టంతో నీటి సరఫరా, మురుగునీటి పారుదల రెండింటికీ కలిపి నగరంలో జలమండలి ఏర్పడింది. తరవాతి కాలంలో ఫిర్యాదులకు 155313 నంబరు, ఏ ఫిర్యాదును ఎంత సమయంలో పరిష్కరించాలో చెప్పే పౌర సేవాపత్రం వచ్చాయి. చాటింపుకు, సేవాపత్రానికి తేడా గమనించండి. చాటింపు ప్రజలు ఏం చేయాలో చెబుతుంది. సేవాపత్రం సంస్థ ఏం చేయాలో ప్రజలకు చెబుతుంది. మాట ఇచ్చేవారు, మాట నిలబెట్టుకోమని అడిగేవారు స్థానాలు మారారు.

ఈ మార్పు ప్రాణాలకు సంబంధించినది. 2009 మే నెలలో నగరంలోని భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు మరణించారు. మంచినీటి గొట్టం, మురుగుకాలువ పక్కపక్కన సాగే ఇరుకు వీధుల్లో ఇటువంటి ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. నీటి రంగు, వాసన మారితే ముందుగా తెలిసేది కుళాయి తిప్పిన ఇంటివారికే. వారి మాట పైకి వేగంగా చేరాలి. 'ఆ నీరు తాగవద్దు' అన్న మాట అంతే వేగంగా కిందికి రావాలి. ఈ రెండింటిలో ఏది ఆలస్యమైనా మూల్యం చెల్లించేది నివాసులే.

5. చట్టంలో సమాచారం

1992లో ఆమోదం పొంది 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చాయి. 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ ఉన్నాయి. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ సవరణ చెప్పింది.

చెత్త విషయంలో 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మలుపు తిప్పింది. దాని పర్యవసానంగా 2000లో పురపాలక ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. చెత్త సేకరణ వేళలను ముందుగా ప్రజలకు తెలియజేయాలని, గంట మోగించే లేదా సంగీతం వినిపించే బండ్లను వాడవచ్చని ఆ నియమాల్లోనే ఉంది. నేడు మన వీధుల్లో పాట పెట్టుకుని వచ్చే చెత్తబండిని ఆనాటి డప్పు చాటింపుకు వారసురాలు అనవచ్చు. 2016 నియమాలు ఇంటి దగ్గరే తడిచెత్త, పొడిచెత్త, హానికర చెత్త వేరుచేయాలని కోరాయి. ప్రజలకు అవగాహన కల్పించే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచాయి.

2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ క్రమంలో అతి ముఖ్యమైన మెట్టు. ప్రభుత్వ సంస్థలు తమ విధులు, బడ్జెట్టు, నిర్ణయ విధానం వంటి వివరాలను ఎవరూ అడగకుండానే వెల్లడించాలని 4వ సెక్షను చెబుతుంది. అడిగిన సమాచారానికి సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎంత కట్టాలో మాత్రమే తెలిసిన చీరాల నివాసికి దొరకని అవకాశం ఇది.

6. చివరి అంచెలోని మనిషి

చట్టం, సాంకేతికత ఉంటే సమాచారం దానంతట అదే చేరుతుందా? పొరుగున ఉన్న కర్ణాటక అనుభవం దీనికి జవాబు ఇస్తుంది. హుబ్లీ-ధార్వాడలో, తరవాత బెంగళూరులో, నీరు వదిలే వాల్వ్‌మన్ ఫోను ద్వారా తెలియజేస్తే ఆ వీధివారి ఫోన్లకు సందేశం పంపే 'నెక్స్ట్‌డ్రాప్' అనే సేవ నడిచింది. బెంగళూరులో పరిశోధకులు దీనిని పరిశీలించినప్పుడు ఆశించినంత ప్రయోజనం కనబడలేదు. వాల్వ్‌మన్లు ప్రతిసారీ సమాచారం ఇవ్వకపోవడం ఒక ముఖ్య కారణం. నీరు వదిలే పనికి తోడు, అదనపు ప్రతిఫలం లేకుండా మరొక పని వారిపై పడింది.

మనం మళ్లీ నీరటి దగ్గరకే వచ్చాం. నీటిని వదిలే చెయ్యి ఎవరిదో, నీటి సమాచారం మొదలయ్యేది అక్కడే. చెత్త విషయంలో పారిశుధ్య కార్మికులు కూడా అంతే. ఏ కాలువ పూడిందో, ఏ సందులోకి బండి పోదో వారికి తెలిసినంతగా కార్యాలయానికి తెలియదు. వారి మాటకు విలువ, వారి పనికి గౌరవం లేని చోట ఎంత గొప్ప యాప్ అయినా ఖాళీ పాత్రే.

సారాంశం

గ్రామంలో సమాచారం నీరటి నోట, డప్పు చాటింపులో ఉండేది. వలస పాలనలో అది నోటీసుగా, పన్ను ఉత్తర్వుగా మారింది. ప్రకటన సమ్మతి కాదని చీరాల-పేరాల నిరూపించింది. హైదరాబాదు విస్తరణతో నీరు దూరమై, ముందస్తు సమాచారం అత్యవసరమైంది. సేవాపత్రాలు, 2000, 2016 నియమాలు, సమాచార హక్కు చట్టం సమాచారాన్ని హక్కుగా మార్చాయి. అయితే ఆ హక్కు నిజం కావాలంటే రెండు షరతులు ఉన్నాయి. నివాసుల మాట పైకి చేరాలి. చివరి అంచెలో పనిచేసే మనిషి ఆ వ్యవస్థలో భాగస్వామి కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చాటింపుకు, పౌర సేవాపత్రానికి గల ప్రధాన భేదం ఏమిటి?
2. చీరాల-పేరాల ప్రజలు ఊరు విడిచి వెళ్లడానికి కారణాలు తెలపండి.
3. 2000 నాటి నియమాలు చెత్త సేకరణ సమాచారం గురించి ఏం చెప్పాయి?

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. 'సమాచారం కూడా సేవలో భాగమే.' హైదరాబాదు నీటి సరఫరా చరిత్ర ఆధారంగా చర్చించండి.
2. మీ ఊరిలో లేదా వార్డులో గత 30 ఏళ్లలో నీరు, చెత్త సేవల సమాచారం ఎలా మారిందో పెద్దలను, లైన్‌మన్‌ను, పారిశుధ్య కార్మికులను అడిగి తెలుసుకుని ఒక వ్యాసం రాయండి.