తిరుపతి, తిరుప్పూర్, మధ్యలో ఒక హంస

"మీది తిరుపతా? అయితే బనియన్లు మీకు చవగ్గా దొరుకుతాయి కదా!" అన్నాడు ఆఫీసులో ఓ ఉత్తరాది మిత్రుడు. బాబూ, నువ్వు చెప్పేది తిరుప్పూర్, అది తమిళనాడులో ఉంది, మాది లడ్డూల ఊరు అని చెప్పి పంపించేశాను. పంపించాను గానీ అల్లిక మిషన్ల గురించి నాకు తెలిసింది సున్నా అని తర్వాత వెలిగింది. ఆ రాత్రి నిద్ర మానుకుని అవే చదువుతూ కూర్చున్నా.

అల్లికలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మనకి తెలిసిన పద్ధతిలో గుడ్డ నేస్తారు, తర్వాత కత్తిరిస్తారు, తర్వాత కుడతారు. అల్లికలో కత్తెర లేకుండానే పని జరుగుతుంది. వరస వరసకీ కుట్లు పెంచుతూ తగ్గిస్తూ పోతే ఆకారం దానంతటదే వచ్చేస్తుంది. ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్ళు అల్లే యంత్రం చేశాడు. కానీ పిక్క దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం రావాలంటే మనిషే కుట్లని చేత్తో జరపాలి. ఆ జరిపే పనిని కూడా యంత్రమే చక్కగా చెయ్యడం 1864లో విలియం కాటన్ పేటెంటుతో వచ్చింది.

ఇళ్ళల్లో వాడే చిన్న మిషన్లకి ఇరవయ్యో శతాబ్దంలో ఇంకో చిట్కా దొరికింది. బ్రదర్ కంపెనీ వాళ్ళ నిట్‌లీడర్, నిట్‌మాస్టర్ వాళ్ళ నిట్‌రాడార్ లాంటివి. ఒక షీటు మీద స్వెట్టర్ వెనక భాగమో, చెయ్యో బొమ్మ గీసి మిషన్‌కి తగిలిస్తారు. కొన్నిట్లో అసలు సైజులో గీయాలి, కొన్నిట్లో సగం సైజులో. ఒక్కో వరస అల్లినప్పుడల్లా షీటు ఒక్కో మెట్టు కదులుతుంది. గీత ఎక్కడుందో చూసి కుట్టు పెంచాలో తగ్గించాలో మీరు తేల్చుకోవాలి. అంతే.

అంతే అన్నాను గానీ, అసలు తిరకాసు దానికి ముందు ఉంది. మొదట అదే ఊలుతో ఒక చిన్న ముక్క అల్లి, కొలిచి, ఇంత వెడల్పుకి ఎన్ని కుట్లు, ఇంత పొడుగుకి ఎన్ని వరసలు అని లెక్క తీసుకోవాలి. ఈ రెండు అంకెలూ ఎప్పుడూ ఒకటి కావు. 10 సెంటీమీటర్లకి 28 కుట్లు, 40 వరసలు వచ్చాయనుకోండి, గళ్ళ కాగితం మీద చతురస్రంగా గీసింది స్వెట్టర్లో చతురస్రంగా రాదు. కాగితానికీ ఊలుకీ మధ్య ఎవరో ఒకరు ఈ లెక్క సరిచెయ్యాలి.

ఇది చదవగానే నాకు మా పెదమామ గుర్తొచ్చాడు.

మా అమ్మ పుట్టిల్లు వెంకటగిరి. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. (మా వాళ్ళ యాస మాత్రం జిల్లా మారలేదు.) వెలుగోటి రాజుల కాలం నుంచి పేరున్న సన్న నూలు చీరలు అక్కడివి. కొంగులో నెమళ్ళు, చిలకలు, హంసలు, మామిడి పిందెలు జాందానీ పద్ధతిలో నేస్తారు. పాతకాలంలో బొమ్మని "జాల"లో దాచేవాళ్ళు. మగ్గం పైన కట్టిన దారాల వల అది. ఏ పేకకి ఏ పడుగు పోగులు లేవాలో ఆ వలలో ముడులుగా ఉండేది. పక్కన ఒక మనిషి దారాలు లాగుతుంటే నేసేవాడు నాడె ఆడించేవాడు. మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం ముడుల్లో ఉంది, దాన్ని నడిపేది పక్కన కూర్చున్న మనిషి.

తర్వాత జకార్డు వచ్చింది. దాని కథ మీరంతా చదివే ఉంటారు. లియోన్ నగరంలో బూషోన్ 1725లో బెజ్జాల కాగితం వాడటం, ఫాల్కన్ 1728లో దాన్ని అట్టలు చెయ్యడం, 1804లో జకార్డు మగ్గం, అక్కణ్ణించి బాబేజ్, 1843లో ఏడా లవ్‌లేస్ రాసిన నోట్సు, 1890లో హోలెరిత్ జనాభా లెక్కలు. మనవాళ్ళు దీన్ని చెప్పేటప్పుడు ఎప్పుడూ బెజ్జం దగ్గర మొదలుపెడతారు. బెజ్జం ఎక్కడ కొట్టాలో తేల్చిన మనిషిని వదిలేస్తారు. లియోన్‌లో ఆ పనికి "మీజాన్‌కార్త్" అని ప్రత్యేకంగా పేరే ఉండేది. బొమ్మని గళ్ళ కాగితం మీదకి ఎక్కించడం.

పెదమామ చెప్పిన సంగతి ఇది. ఆయన పడుచు వయసులో ఎవరో అమ్మితే ఒక హంస బుట్టా అట్టల కట్ట కొన్నాడు. 96 పోగుల వెడల్పు, 96 అట్టల పొడుగు. అట్టకి ఒక పేక. ఆయన పడుగు అంగుళానికి 80 పోగులు, పేక 60. లెక్కేసుకోండి. వెడల్పు 1.2 అంగుళాలు, పొడుగు 1.6. నేసి చూస్తే హంస కాస్తా కొంగ అయింది. "కొంగులో కొంగలేందబ్బయా అని మీ అత్త ఒకటే నవ్వు" అంటాడు ఇప్పటికీ.

సరిచెయ్యాలంటే 96 అట్టల్ని 72 చెయ్యాలి. నాలుగింటికొకటి తీసేస్తే పోలా అని నేను తెలివిగా అన్నాను. (ఇంజనీరుని కదా.) అట్లా తీస్తే కన్ను ఉన్న వరసే పోవచ్చు, మెడ వంపు మెట్లు మెట్లుగా విరుగుతుంది. అప్పుడు ఊళ్ళో అట్టలు కొట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడట. బొమ్మంతా మళ్ళీ గీశాడు. కన్ను ఉంచాడు, రెక్కలో వరసలు తగ్గించాడు, మెడని కాస్త పక్కకి జరిపాడు. ముక్కు దగ్గర మాత్రం ఒక పోగు కుదరక చిన్న మెట్టు మిగిలిపోయింది. "ఇది నా వల్ల గాదు, ఉండనీ" అన్నాడట. అట్టకింత అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ చీర ఎన్నేళ్ళు నేశారో, ఎక్కడెక్కడికి పోయిందో. ఆయన పేరు ఏ చీర మీదా లేదు.

పక్కనే శ్రీకాళహస్తిలో ఈ బాధ లేదు. చింతబొగ్గుతో నేరుగా గుడ్డ మీదే గీస్తారు, వెదురు కలంతో రంగు దిద్దుతారు. కానీ ఇదే కోరమండల్ తీరంలో విదేశాలకి పోయే అద్దకాలకి కాగితం మీద బొమ్మ గీసి, సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గు పొడి రుద్ది గుడ్డ మీదకి దించేవాళ్ళు. ఇది మనకెట్లా తెలుసంటే, 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఇక్కడి అద్దకం పనివాళ్ళని అడిగి, పనంతా వివరంగా స్వదేశానికి ఉత్తరం రాశాడు కాబట్టి. ఆయన తెలుగు, సంస్కృతం నేర్చుకుని నిఘంటువు కూడా తయారుచేసిన పండితుడే. అయినా ఆ ఉత్తరం ఎందుకు రాశాడో తెలుసుగా, అక్కడి వాళ్ళు కూడా చేసుకోవడానికి. చెప్పినవాళ్ళు మనవాళ్ళే, పేరు ఆయనది.

సరే, మళ్ళీ హంస దగ్గరికి. ఇప్పుడు గళ్ళ కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. పోగులెన్ని, పేకలెన్ని అని అడిగి లెక్క అదే సరిచేస్తుంది. వెంకటగిరిలోనే ప్రగడ కోటయ్య గారి పేరుతో చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. కొత్తగా చదువుకునే పిల్లలు స్క్రీను మీదే గీస్తున్నారు. మంచిదే. కళ్ళు పోగొట్టుకుని అట్టలు కొట్టడంలో గొప్పేమీ లేదు. కాకపోతే జాల ఎత్తుకుపోవాలంటే మగ్గమే ఎత్తుకుపోవాలి, అట్టలైతే బస్తా కావాలి, ఫైలుకి వేలితో నొక్కితే చాలు.

పోయినేడు మా మామ కొడుకు ఆ హంస చీర ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. కొన్ని నెలలకి మా ఆవిడ తిరుపతిలో ఓ కొట్లో చీర తెచ్చింది. నేత కాదు, అచ్చు వేసింది. వెంకటగిరి ధరలో పదో వంతు కూడా లేదు. కొంగు నిండా హంసలు. ముక్కు దగ్గర చూశాను. ఆ మెట్టు ఉంది! ముసలాయన తన వల్ల కాదన్న ఒక పోగు తప్పు అట్లాగే అచ్చయి ఉంది. మనవాళ్ళలో ఎవరి కోడు ఎవరు కాపీ కొట్టారో బగ్గుని బట్టి పట్టుకుంటాం చూడండి, అట్లా పట్టుకున్నా :-)

పట్టుకుని ఏం చెయ్యాలి? 1985 చేనేత రిజర్వేషన్ చట్టం ఏ బట్ట చేమగ్గం మీదే నెయ్యాలో చెబుతుంది. దాన్ని 1993లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కానీ అది మరమగ్గాల సంగతి, ఇది అచ్చు. భౌగోళిక గుర్తింపు "వెంకటగిరి" అన్న పేరుని కాపాడుతుంది. కొట్టువాడు ఆ పేరే ఎత్తలేదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద పదేళ్ళు, పొడిగిస్తే ఇంకో అయిదేళ్ళు హక్కు ఉంటుంది. దానికి బొమ్మ కొత్తదై ఉండాలి, బయటపెట్టక ముందే నమోదు చేయించాలి. ఈ హంస ఎప్పుడో బయటపడిపోయింది.

చీర తీసుకెళ్ళి మామకి చూపించాను. కోపమొస్తుందనుకున్నా. కళ్ళజోడు పెట్టుకుని ముక్కు దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఆయన ఉంటే దీన్ని ఈసారి సరిజేసుండు" అన్నాడు. తర్వాత అటక మీదున్న అట్టల కట్ట దించమన్నాడు. ముక్కు ఉండే అట్టలు ఎన్నో నంబరో ఇద్దరం కూర్చుని వెతికాం. నలభై ఒకటీ, నలభై రెండూ.